పరీక్షించవలసినది ఎవరిని?
బుద్ధిమాంద్యముగల విశ్వాసులు, కతోలిక ఆరాధన, మన ప్రభువు బల్ల: ఒక విమర్శ

బి.డి. చదివిన రోజులలో సంస్కారములను గురించి ఎన్నో గంటలు పాఠాలు విన్నాను. రొట్టె ఎప్పుడు, ఏ విధముగా క్రీస్తు శరీరమగునన్న విషయముపై రోము ఏమంటుంది, లూథరు ఏమంటాడు, జ్వింగ్లీ ఏమంటాడు అన్నది పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రొట్టెను అర్థము చేసుకోలేని మనిషికి దానిని ఇవ్వవచ్చునా అన్న ప్రశ్న మాత్రము ఆ తరగతిలో మేమూ అడగలేదు, మాకు బోధించినవారూ ఎత్తలేదు. చాలా ఏళ్ల తరువాత ప్రత్తిపాడులో మిరపకాయల కోతకు కూలికి వెళ్లే ఒక తల్లి దానిని నన్ను అడిగింది.

ఆమె కుమారునికి అప్పుడు పంతొమ్మిది ఏళ్లు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. పసితనములోనే బాప్తిస్మము పొందాడు. ఆదివారము గంట కొట్టకముందే వచ్చి ముందు వరుసలో చాప మీద కూర్చుంటాడు. పాట ఎవరు ఎత్తుకున్నా చివరి మాట అతనిదే, అందరూ ఆపిన తరువాత కూడా కొంచెము సేపు పాడతాడు. కన్ఫర్మేషను తరగతిలో రెండేళ్లు కూర్చున్నాడు. పది ఆజ్ఞలు అప్పజెప్పలేకపోయాడు. పట్టికలో అతని పేరు రాయలేదు. రాయనివాడిని నేనే. బల్ల ఆరాధన రోజున అతడు అందరితోపాటు వచ్చి మోకరిస్తే తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించి పక్కవారి దగ్గరకు వెళ్లిపోయేవాణ్ణి. అది మర్యాదగల మార్గమనుకున్నాను.

ఆ తల్లి చెల్లెలిని నరసరావుపేట వైపు ఒక కతోలిక కుటుంబానికి ఇచ్చారు. అక్కడ కూడా అలాంటి బిడ్డ ఒకరున్నారు, ఆడపిల్ల. ఆ పిల్ల మొదటి దివ్యసత్ప్రసాదానికి వెళ్లి వచ్చి, సోమవారము పొద్దున్నే ఈమె మా ఇంటికి వచ్చింది. "అయ్యగారూ, మా చెల్లెలి బిడ్డ మావాడికంటే ఎక్కువేం మాట్లాడదు. దానికి తెల్లగౌను తొడిగి, తల్లో పూలు పెట్టి ఇచ్చారు. మావాడికి ఎందుకియ్యరు?" అంది. "వాళ్ల పద్ధతి వేరమ్మా" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. కోతల కాలము, ఆటో వెళ్లిపోతుందని లేచింది.

నిజముగా వాళ్ల పద్ధతి వేరేనా? వేరైతే ఎందుకు వేరు? తరువాత చదివినదంతా ఆ మాట నాకు మిగిల్చిన సిగ్గువలన చదివినదే. ఈ వ్యాసములో కతోలిక సంఘపు పత్రాలను విమర్శనాదృష్టితో పరిశీలిస్తాను. వారిని పొగడుటగాని నిందించుటగాని నా పని కాదు. వారి చట్టము మన ఆచారముకంటె విశాలమైనదని, అయితే ఆ విశాలతను వారి మాటలే అక్కడక్కడ తిరిగి ఇరుకు చేస్తున్నవని, వారిలోనూ మనలోనూ ఉన్న ఇరుకుకు మూలము 1 కొరింథీ 11వ అధ్యాయములోని ఒక్క క్రియాపదాన్ని పొరపాటుగా చదవడమని నా అభిప్రాయము.

ముందుగా పదములను గూర్చి రెండు మాటలు. చదువుటలో, లెక్కలలో మాత్రమే ఇబ్బందిపడే పిల్లల సంగతి ఇక్కడ ఎత్తడము లేదు. మనోవ్యాధి కూడా వేరు. పుట్టుకనుండిగాని బాల్యమునుండిగాని బుద్ధివికాసము మందగించినవారిని గురించే మాట్లాడుతున్నాను. మన ఊళ్లలో వీరికి ఉన్న పేర్లు పాఠకులకు తెలుసు, వాటిని అచ్చులో పెట్టను. 'బుద్ధిమాంద్యము' అనే మాట కూడా ఇప్పుడు అధికారులు వాడటం మానుకుంటున్నారు; 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మేధోపరమైన వైకల్యమని అంటుంది. నా సంఘస్థులకు అర్థమయ్యే మాట పాతదే గనుక దానినే వాడుతున్నాను. 2011 జనాభా లెక్కలలో దేశమంతటా ఇటువంటివారు 15 లక్షలకు పైగా నమోదయ్యారు. వీరికొరకు కేంద్రప్రభుత్వము 1984లో జాతీయ సంస్థను స్థాపించినది మన సికింద్రాబాదులోనే. అయినా మన సంఘపు రిజిస్టర్లలో వీరు బాప్తిస్మపు పుటలో కనబడి, తరువాత సమాధుల పుటలోనే మళ్లీ కనబడతారు. నడుమ ఏమీ ఉండదు.

చట్టము తెరిచిన తలుపు

1983 నాటి కతోలిక సంఘ చట్టములో 912వ సూత్రము బాప్తిస్మము పొందిన ప్రతివానికి, చట్టము నిషేధించనియెడల, దివ్యసత్ప్రసాదము ఇవ్వవచ్చును మాత్రమే కాదు, ఇచ్చి తీరవలెనని చెబుతుంది. నిరూపించుకోవలసిన భారము వచ్చినవాని మీద లేదు, కాదనేవాని మీద ఉంది. మన పద్ధతి దీనికి తలక్రిందులు. మన దగ్గర వచ్చినవాడే తాను అర్హుడనని చూపించుకోవాలి.

కాని ఆ వెంటనే 913వ సూత్రము వస్తుంది. పిల్లలకు సత్ప్రసాదము ఇవ్వాలంటే తగినంత తెలివి, జాగ్రత్తగల సిద్ధపాటు ఉండాలి. తమ శక్తికొలది క్రీస్తు మర్మమును గ్రహించి, విశ్వాసముతో భక్తితో తీసుకోగలగాలి. చావుబ్రతుకులలో ఉన్న బిడ్డకైతే ఇంత అక్కరలేదు, క్రీస్తు శరీరానికీ మామూలు తిండికీ తేడా తెలిసి గౌరవముగా తీసుకుంటే చాలు. ఇక 99వ సూత్రము, తెలివిని వినియోగించే శక్తి ఎల్లప్పుడూ లేనివారిని పసిపిల్లలతో సమానముగా ఎంచుతుంది. ఈ మూడింటినీ కలిపి చదివితే చిక్కు తెలుస్తుంది. ముప్పై ఏళ్ల మనిషిని చట్టము పసిబిడ్డ అంటుంది. లాటిను సంప్రదాయములో పసిబిడ్డకు సత్ప్రసాదము లేదు. కాబట్టి 912 తెరిచిన తలుపును 99 మూసివేయగలదు. అలా మూసిన విచారణ గురువులున్నారు. ఆశీర్వాదముతో సరిపెట్టి పంపించారని వారి విశ్వాసులే చెప్పగా విన్నాను. నేను చేసినదీ అదే గనుక వారిపై రాయి వేయలేను.

ఈ నియమము అపొస్తలుల కాలమునాటిది కాదని విద్యార్థులు గుర్తించాలి. ప్రాచీన సంఘము పసిపిల్లలకు కూడా బల్లను ఇచ్చింది. పడమటి సంఘములో ఆ ఆచారము క్రమేణ సన్నగిల్లింది. 1215లో నాలుగవ లాటరను మహాసభ వివేకము వచ్చిన వయస్సును ప్రస్తావించి, ఆ వయస్సు దాటినవారిపై పాపసంకీర్తనను, పస్కా కాలపు సత్ప్రసాదాన్ని విధిగా పెట్టింది. ఆ వయస్సు చాలాచోట్ల పన్నెండు, పద్నాలుగు ఏళ్లదాకా జరిగిపోగా, 1910 ఆగస్టు 8న పదవ భక్తినాథ పోపు దానిని సుమారు ఏడేళ్లకు దించాడు. తూర్పు కతోలిక సంఘాలకు వేరుగా ఉన్న 1990 నాటి చట్టము పసిపిల్లల సత్ప్రసాద విషయములో ఆయా సంఘాల ఆచారాన్నే పాటించమంటుంది. పోపు ఒక్కరే, విశ్వాసము ఒక్కటే. ఒకచోట తెలివి ముందు, భోజనము తరువాత. మరొకచోట భోజనము ముందు. అలాంటప్పుడు తెలివి అనేది సంస్కారపు స్వభావములోనే ఉన్న షరతు అని ఎలా అనగలము?

థామస్ అక్వినాసు ఈ ప్రశ్నను సూటిగా తీసుకున్నాడు. ఆయన మహావేదాంత గ్రంథము మూడవ భాగములో, 80వ ప్రశ్న క్రింద ఈ చర్చ ఉంది. బుద్ధి బలహీనముగా ఉండి కొంతైనా భక్తి కలగగలవారికి నిరాకరించకూడదు. ఒకప్పుడు తెలివి ఉండి తరువాత పోగొట్టుకున్నవారికి, పూర్వము భక్తి చూపినట్లయితే, ఇవ్వవచ్చును. పుట్టుకనుండి తెలివి ఎన్నడూ లేనివారికి ఇవ్వకూడదు, ఎందుకంటే వారిలో పూర్వభక్తి లేదు. మొదటి రెండు మాటలు కాపరి మాటలు. మూడవది మాత్రము తార్కికుని మాట. 'ఎన్నడూ లేదు' అని ఎవరు చూశారు? ప్రతి ఆదివారము గంటకంటె ముందు వచ్చి కూర్చునేవానిలో భక్తి లేదని చెప్పడానికి నా దగ్గర ఏ కొలబద్ద ఉన్నది?

ఇటీవలి పత్రాలు

గత యాభై ఏళ్లలో వచ్చిన పత్రాలు మెల్లగా అక్వినాసు మూడవ మాటను దాటివెళ్లాయి. 1973లో రోము విడుదల చేసిన బాలల దివ్యబలిపూజ మార్గదర్శిని, అవసరమైన మార్పులతో తన సూచనలను వికలాంగ బాలలకు కూడా వర్తింపజేయవచ్చునని అంటుంది. 1995లో అమెరికా పీఠాధిపతులు ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకొక అడుగు వేశాయి. మామూలు తిండికీ సత్ప్రసాదానికీ తేడా తెలుసునన్నది మాటలతో చెప్పనక్కరలేదు, తీరులోనో సైగలోనో భక్తిపూర్వకమైన మౌనములోనో కనిపిస్తే చాలును. అనుమానము వస్తే బాప్తిస్మము పొందినవాని హక్కువైపే మొగ్గాలి అని. మరణాపాయములో ఉన్న బిడ్డకిచ్చిన సడలింపును ఆరోగ్యముగా బ్రతుకుతున్న మనిషికి కూడా ఇచ్చారన్నమాట. ఇది చిన్న మార్పు కాదు.

2007 ఫిబ్రవరి 22న పదహారవ బెనెడిక్టు పోపు సంతకము చేసిన 'సాక్రమెంతుమ్ కరితాతిస్' 58వ పేరాలో మరింత ముందుకు వెళ్లాడు. బాప్తిస్మమును భద్రమైన అభ్యంగనమును పొందిన బుద్ధిమాంద్యముగలవారికి సాధ్యమైనచోటల్లా సత్ప్రసాదము అందించాలి, వారు తమను వెంటబెట్టుకొని వచ్చే కుటుంబముయొక్క, సంఘముయొక్క విశ్వాసములో కూడా దానిని స్వీకరిస్తారు అని దాని భావము. ఈ పేరాను నేను చాలాసార్లు చదివాను. దీనిలోని బలము చివరి భాగము, బలహీనత మొదటి భాగము. 'సాధ్యమైనచోటల్లా' అంటే సాధ్యమా కాదా అని తేల్చేది ఎవరు? ఆ ఒక్క మాట చాలు, తలుపు వేసుకోవాలనుకునే గురువుకు గొళ్లెము దొరికినట్లే. అభ్యంగనపు షరతు చూడటానికి పెద్దదే గాని, అదే చట్టపు 889వ సూత్రము తగిన బోధను తెలివిని వినియోగించగలవారినుండి మాత్రమే కోరుతుంది. బుద్ధిమాంద్యముగలవారికి అది అడ్డు కానే కాదు. ఈ సంగతి వారి ఉపదేశులలో ఎందరికి తెలుసో.

ఫ్రాన్సిస్ పోపు 2016 జూన్ 11న వికలాంగులతో మాట్లాడుతూ, అందరినీ చేర్చుకోలేని గురువు గుడి తలుపులు మూసుకోవడమే మంచిది, రానిస్తే అందరినీ రానివ్వాలి లేకపోతే ఎవరినీ వద్దు అన్న భావము చెప్పాడు. 2020 నాటి ధర్మోపదేశ మార్గదర్శిని, వికలాంగులకు సంస్కారములను ఎవరూ నిరాకరించజాలరని చెప్పి, వారు కూడా ఉపదేశులు కాగలరని ఆశించింది. 'సాధ్యమైనచోటల్లా' ఇక్కడ రాలిపోయింది.

వివేచించుట

మన వాదన అంతా 1 కొరింథీ 11:28, 29 మీద నిలబడి ఉన్నది. మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకోవాలి, శరీరమును వివేచింపనివాడు శిక్షావిధికి లోనవుతాడు. దీనినిబట్టి, వివేచింపలేనివానికి రొట్టె ఇస్తే వానికే కీడు అని మనము బోధిస్తాము. నేనూ బోధించాను. అతనిని కాపాడుతున్నానని కూడా అనుకున్నాను.

అయితే పౌలు ఎవరిని మందలిస్తున్నాడు? 20నుండి 22వరకు చదవండి. కొందరు ముందుగా వచ్చి తిని మత్తులవుతున్నారు, కొందరు ఆకలితో మిగిలిపోతున్నారు. లేనివారిని సిగ్గుపరచినవారు ఉన్నవారు. తెలివితక్కువవారినిగూర్చిన చర్చ ఆ అధ్యాయములో ఎక్కడా లేదు. 29వ వచనములో మన తెలుగు బైబిలు ప్రభువు శరీరము అంటున్నది గాని, ప్రాచీనమైన ప్రతులలో ఉన్నది 'శరీరము' మాత్రమే. ఆ తరువాతి అధ్యాయమంతా అదే మాటతో సంఘమును వర్ణిస్తుంది, బలహీనముగా కనబడే అవయవములే మరి అవసరమైనవని చెబుతుంది. 'దియాక్రినో' అనే గ్రీకు క్రియకు గుర్తించుట, వేరుపరచి చూచుట అని అర్థము. పక్కనున్న సహోదరుని క్రీస్తు శరీరములో భాగమని గుర్తించనివాడే ఇక్కడ దోషి. 33వ వచనములో పౌలు ఇచ్చే పరిష్కారము ఒకరికొరకు ఒకరు ఆగడము. బోధ తరగతి పెట్టమని ఆయన అనలేదు.

రొట్టెలో క్రీస్తు సాన్నిధ్యాన్ని గుర్తించుట అన్న అర్థము కూడా ఇందులో ఉన్నదని వాదించే వ్యాఖ్యాతలున్నారు. దానిని పూర్తిగా కొట్టివేయను, లూథరను సంప్రదాయములో పెరిగినవాడను. కాని ఏ అర్థము తీసుకున్నా హెచ్చరిక చేయబడినవారు చేయగలిగీ చేయనివారు. చేయలేనివాని తల మీద ఆ శిక్షను మోపడము వాక్యమును వంచడమే. పంతొమ్మిదేళ్ల కుర్రవానికి రొట్టె అందకుండా చెయ్యి వెనక్కు తీసుకున్న రోజున శరీరమును వివేచింపనివాడు మోకరించిన అతడా, నిలబడిన నేనా?

మన ఇంటి సంగతి

మన పితరులలో రెండు స్వరాలు వినిపిస్తాయి. ఆగస్తీను సుమారు 412లో, పసిపిల్లల బాప్తిస్మమునుగూర్చి రాసిన గ్రంథములో, ఒక మందబుద్ధిని ప్రస్తావిస్తాడు. తనను ఎవరు ఎంత అవమానించినా సహించేవాడట. క్రీస్తు నామమును దూషిస్తే మాత్రము ఓర్వలేక రాళ్లు రువ్వేవాడట, యజమానినైనా విడిచిపెట్టేవాడు కాదట. కృప మనిషి తెలివినిబట్టిగాని యోగ్యతనుబట్టిగాని పంచబడదని చూపడానికి ఆగస్తీను ఈ మనిషిని సాక్షిగా నిలబెట్టాడు. రాళ్లు రువ్వడమును నేను సమర్థించడము లేదు. ఆ మహా వేదాంతి తన వాదానికి సాక్షిని ఎక్కడ వెదికాడో గమనించమంటున్నాను.

రెండవ స్వరము లూథరుది. భోజనపు బల్ల దగ్గర ఆయన మాటలను విన్నవారు రాసుకున్న సంభాషణలలో, దెస్సావులో చూసిన ఒక బిడ్డ సంగతి ఉన్నది. ఆ బిడ్డలో ఆత్మ లేదని, మాంసపు ముద్ద మాత్రమేనని, నీటిలో ముంచివేయాలని ఆయన అన్నట్లు అందులో ఉన్నది. అవి ఆయన స్వయముగా రాసినవి కావు. అయినా ఆ మాటలను దాచిపెట్టుకొని ఆయన జయంతి చేసుకోలేము. పసిబిడ్డలకు కూడా దేవుడు విశ్వాసమును ఇవ్వగలడని బాప్తిస్మ విషయములో వాదించినవాడు అదే లూథరు. బాప్తిస్మపు తొట్టి దగ్గర చెప్పిన మాటను బల్ల దగ్గరకు తీసుకురాలేదు. ఔగ్సుబర్గు ఒప్పుకోలు 25వ అధికరణము ముందుగా పరీక్షింపబడి పాపక్షమాపణ పొందినవారికే ప్రభువు శరీరము ఇవ్వబడుతున్నదని చెబుతుంది. 1842లో హేయరు గుంటూరులో అడుగుపెట్టినప్పుడు ఈ క్రమశిక్షణ కూడా ఆయనతో వచ్చింది. కొత్తగా చేరిన జనులకు బోధ కావాలి, అందులో తప్పు లేదు. కాని అప్పజెప్పడము విశ్వాసానికి కొలతగా ఎప్పుడు మారిందో మనమెవరమూ గమనించలేదు. విశ్వాసము క్రియలవలన కాదని ప్రసంగిస్తాము, కంఠస్థముచేయడము క్రియ కాదా?

పరుల విశ్వాసము పనికివస్తుందా అని నా తోటి కాపరులు, ముఖ్యముగా బాప్టిస్టు సహోదరులు, అడుగుతారు. ఎవరి విశ్వాసము వారిదే అంటారు. ఇది బలమైన ఆక్షేపణ, తేలికగా తోసివేయరాదు. కాని మార్కు 2వ అధ్యాయములో పక్షవాతముగలవాడు ఒక్క మాట కూడా పలకలేదు. యేసు మోసుకొచ్చినవారి విశ్వాసమును చూశాడని గ్రంథకర్త రాశాడు. రోగికి విశ్వాసము లేదని దీని అర్థము కాదు. ఉన్నదో లేదో తేల్చేవరకు యేసు ఆగలేదు.

గుణదల బాటలో

కతోలిక సంఘముపై నా పెద్ద విమర్శ చట్టముపై కాదు, జాతరపై. 1924లో అర్లాటి స్వామి గుణదల కొండమీద నిలిపిన మరియమాత స్వరూపము దగ్గరకు ప్రతి ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో లక్షలాది జనులు వస్తారు. మా ప్రాంతమునుండి మిరప కోతలు మానుకొని వెళ్లేవారిలో కతోలికులు కానివారే ఎక్కువమందేమో అనిపిస్తుంది. ఎందరో తల్లులు ఇటువంటి బిడ్డలను చంకన వేసుకొని కొండ ఎక్కుతారు. బిడ్డ బాగుపడాలని తలనీలాలిస్తారు, మొక్కుకుంటారు. ఆ తల్లులను ఎగతాళిచేసే హక్కు మనకు లేదు. మన స్వస్థత కూటాలలో జరిగేదీ అదే, పైగా అక్కడ మైకులో పేరు పిలిచి దయ్యమని కూడా అంటారు. రెండుచోట్లా ఆ బిడ్డ బాగుచేయవలసిన రోగి. సంఘ సభ్యుడు కాదు.

గుణదల పండుగకు మూలము లూర్దు మాత పండుగ. ఆ లూర్దులోనే ఇంకొకటి జరిగింది. ఫ్రాన్సులో ఇద్దరు బుద్ధిమాంద్యముగల కుమారులున్న ఒక దంపతులను తమ మేత్రాసన యాత్రలో చేర్చుకోలేదు. దానికి జవాబుగా 1971 ఈస్టరుకు సుమారు 12,000 మంది యాత్రికులు లూర్దు చేరారు, వారిలో 4,000 మంది వికలాంగులు. స్వస్థతను అడగడానికి రాలేదు, పండుగ చేసుకోవడానికి వచ్చారు. 'విశ్వాసము, వెలుగు' అనే ఉద్యమము అక్కడ పుట్టింది. దానికి నాయకత్వము వహించినవారు మరీ-హెలెన్ మత్యూ, జాన్ వనియే. వనియే 1964లో ప్రారంభించిన లార్షు గృహాల శాఖ 1970లో బెంగుళూరులో ఆశానికేతన్ పేరుతో వెలసింది. మన సెమినరీలలో కూడా ఆయన పుస్తకాలు చదివించారు. 2019లో ఆయన మరణించిన తరువాత, 2020, 2023 సంవత్సరాలలో ఆ సంస్థే వెలువరించిన నివేదికలు, ఆధ్యాత్మిక సలహా పేరుతో ఆయన కనీసము 25 మంది స్త్రీలను లోబరచుకున్నాడని తేల్చాయి. ఈ సంగతి తెలియనట్లు ఆయనను ఉదహరించడము ఇకమీదట తగదు. బలహీనులను చేర్చుకోవడమునకు ఆధారము ఒక మహనీయుని పేరు కాకూడదు. వాక్యముంది, బాప్తిస్మముంది.

ఆరాధన క్రమములో మాత్రము కతోలికులకు మనకంటె అనుకూలత ఉన్నది. వారి పూజలో గంట ఉంది, ధూపముంది, మోకాళ్లూనడము, లేచి నిలబడడము, ప్రతివారము మారని చిన్న జవాబులు, అర్పణల ఊరేగింపు, పక్కవానికి సమాధానము చెప్పడము ఉన్నాయి. అక్షరము రానివాడు కూడా శరీరముతో ఆరాధించగలడు. మన ఆరాధనలో గంటసేపు ప్రసంగము, అది కూడా మైకు పగిలిపోయేటట్లు. పెద్ద శబ్దానికి బెదిరి చెవులు మూసుకునే పిల్లలను బయటకు తీసుకుపొమ్మని పెద్దలు సైగచేస్తారు. కాని వారి అనుకూలతను వారే పూర్తిగా వాడుకోవడము లేదు. 1963 నాటి ఆరాధన నిర్ణయము విశ్వాసులంతా నిండుగా, తెలిసి, చురుకుగా పాల్గొనాలని చెప్పింది. 'తెలిసి' అన్న మాటను తెలివిగా మార్చి చదువుకున్నచోట ఈ బిడ్డలు గోడవారన మిగిలిపోయారు. గంట వాయించే పీఠ బాలకులలో, అప్పమును తెచ్చి పీఠము దగ్గర అందించేవారిలో ఇటువంటివారిని నేను వెళ్లిన ఏ పూజలోనూ చూడలేదు. సత్ప్రసాదము ఇచ్చి కూర్చోబెట్టడము చేర్చుకోవడములో సగమే. నేను ఆ సగము కూడా చేయలేదు గనుక ఇంతకంటె గట్టిగా అనలేను.

ఈ వాదనను మా సంఘ పెద్దల ముందు పెట్టినప్పుడు రెండు సమావేశాలు పట్టింది. ఒకరు, ఇలా మొదలుపెడితే తాగివచ్చినవాడికి కూడా ఇవ్వాలంటారని అన్నారు. తాగివచ్చినవాడు వివేచించగలిగీ వివేచించనివాడు, పౌలు రాసింది వానినిగూర్చే అన్నాను. ఇంకొకరు చివరివరకు ఒప్పుకోలేదు, అయినా అడ్డుపడలేదు. ఆ తల్లిని, కుమారుని వారి ఇంటివద్దనే నాలుగు సాయంత్రాలు కలిశాను. రొట్టె ముక్క చూపించి ఇదెవరిదని అడిగితే అతడు గోడమీది క్యాలెండరులో యేసుప్రభువు బొమ్మవైపు చెయ్యి చూపించాడు. అది జవాబో కాదో నేను తేల్చలేదు.

పెద్ద గురువారము సాయంత్రపు ఆరాధనలో రొట్టె పళ్లెమును అతడే వెనుకనుండి బల్లదాకా తెచ్చాడు. మరునాడు రిజిస్టరు రాసే పెద్ద నా దగ్గరకు వచ్చాడు. అందులో పేరు, తండ్రి పేరు, తేదీ, ఆ తరువాత 'పరీక్షించినవారు' అని ఒక గడి ఉంటుంది. ఇక్కడ ఏమి రాయమంటారు అయ్యగారూ అన్నాడు. ఆ గడిని ఖాళీగా వదిలిపెట్టమన్నాను.